సిక్లిడ్లకు జంటలు కుదర్చకండి

"సిక్లిడ్లు కొట్టుకుంటున్నాయా? ఈ 6 చిట్కాలు పాటిస్తే వారంలో ప్రశాంతం" అనే మెసేజ్ ఈ నెలలో నాకు తొమ్మిది మంది పంపారు. సిక్లిడ్లంటే ఇళ్ళలో గాజు ట్యాంకుల్లో పెంచుకునే ఒక తరహా రంగు చేపలు. ఇద్దరు ప్రొద్దుటూరు వాళ్ళు, ఒకరు ఎర్రగుంట్ల, మిగతా అందరూ కడపలోనే ఉండి మా ఇంటికొచ్చి ట్యాంక్ చూసినవాళ్ళే. నిన్న రాత్రి పదకొండు గంటలకు మా బామ్మర్ది కూడా పంపి, "బావా, రేపు ఒక జంట తెస్తున్నా" అన్నాడు. వద్దని ఒప్పించడానికి అరగంట పట్టింది. ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెప్పే ఓపిక నాకు లేదు కాబట్టి అంతా ఇక్కడే రాస్తున్నా.

మొదటి చిట్కా, గుప్పెడు కల్లుప్పు వేస్తే కోపం తగ్గుతుందట. తగ్గదు. దెబ్బ తిన్న చేపను వేరే తొట్టిలో పెట్టినప్పుడు కాస్త ఉప్పు వేస్తాం, అది కొట్టినవాడికి మందు కాదు, దెబ్బలు తిన్నదానికి ఊరట.

రెండోది, లైటు ఆర్పేయమని. వెలుతురు తగ్గితే కాసేపు నెమ్మదిస్తాయి, మళ్ళీ లైటు వేయగానే మామూలే.

మూడోది, వారానికి మూడు రోజులు పస్తు పెట్టమని. ఆఫ్రికాలోని మలావి సరస్సులో ఎంబునాలు అనే సిక్లిడ్లు పొద్దంతా రాళ్ళ మీది పాచి గీరుకుని తింటూనే ఉంటాయి. అలాంటివాటిని మూడు రోజులు మాడ్చి నాలుగో రోజు పెల్లెట్లు వేస్తే ఏమవుతుందో చేపలు పెంచనివాళ్ళు కూడా చెప్పగలరు. కొంచెం కొంచెం మేత, ఒకేసారి రెండు మూడు చోట్ల వేయండి. బలమైనది ఒక మూల కాపలా కాస్తుంటే మిగతావి ఇంకో మూల తింటాయి.

ఇప్పుడు నాలుగోది. ఈ రాత అంతా దీని కోసమే. "రకానికి ఒక మగ, ఒక ఆడ చొప్పున జంటగా పెట్టండి, తోడు దొరికితే కొట్టుకోవు" అని రాశారు. కింద ఫొటోలో పసుపు చేప ఒకటి, నీలం చేప ఒకటి, మధ్యలో గుండె బొమ్మ.

ఆ ఫొటోలో ఉన్నవి కెన్యీలు, ఎంబునాల్లోనే ఒక రకం. పసుపుది మగ, నీలంది ఆడ. చాలామందికి ఈ సంగతి తెలియక రెండు వేర్వేరు రకాలనుకుని కొంటారు. నేనూ అలాగే కొన్నాను. షాపులో "రెండు రంగులు, బాగుంటాయి" అన్నారు, తెచ్చి రెండడుగుల ట్యాంకులో వదిలాను. రెండో రోజు పొద్దున చూస్తే నీలంది ఫిల్టర్ పైపుకీ అద్దానికీ మధ్య సందులో, తల పైకి పెట్టి నిలువుగా వేలాడుతోంది. తోక చివర తడిసిన దారం పోగుల్లా తెల్లగా చీలిపోయింది. పక్కన ఒకచోట పొలుసులు ఊడి లోపలి చర్మం కనిపిస్తోంది. మగది జానెడు దూరంలో కదలకుండా నిలబడి ఉంది. ఆడది ఊపిరికి కాస్త మొప్ప కదిలిస్తే మగది ఊరుకుంటుంది, సందులోంచి అంగుళం బయటికొస్తే చాలు, దూసుకొచ్చి కొడుతుంది. వారం తర్వాత ఆడదాని కింది దవడ ఉబ్బింది, మేత ముట్టడం లేదు. ఏదో జబ్బు అనుకుని నీళ్ళు మార్చాను. పన్నెండో రోజు చచ్చిపోయింది. చేతిలోకి తీసుకుని నోరు తెరిస్తే లోపల పసుపు గుడ్లు.

ఇందులో జబ్బేమీ లేదు. ఈ చేపల్లో ఆడది గుడ్లను నోట్లో పెట్టుకుని, దాదాపు మూడు వారాలు సరిగా తినకుండా, పిల్లలు ఈదే దాకా మోస్తుంది. మగదానికి తోడు అనేది ఉండదు, దానికి ఉండేది ఒక జాగా. గుడ్లు పెట్టాక ఆడది అక్కడి నుంచి వెళ్ళిపోవాలి. సరస్సులో వెళ్ళిపోతుంది. రెండడుగుల గాజు పెట్టెలో ఎక్కడికి పోతుంది? మగదాని ఒత్తిడంతా ఆ ఒక్కదాని మీదే పడుతుంది. అందుకే ఎంబునాలు పెంచేవాళ్ళు ఒక మగదానికి కనీసం మూడు, వీలైతే నాలుగైదు ఆడవాటిని పెడతారు. తరుముడు అందరి మధ్యా పంచుకుపోతుంది, నోట్లో గుడ్లున్నదానికి ఊపిరి తీసుకునే సందు దొరుకుతుంది. గుండె బొమ్మ పెట్టినవాళ్ళు ఒక్క ఆడ చేపనైనా ఆ సందులో చూసి ఉంటే ఈ మెసేజ్ రాసేవాళ్ళు కాదు.

అన్ని సిక్లిడ్లూ ఇలాగే అని నేను అనడం లేదు. కాన్విక్ట్, రామ్, క్రిబెన్సిస్ లాంటివి నిజంగానే జంట కడతాయి, ఆడా మగా కలిసి పిల్లల్ని కాస్తాయి. కానీ అవి జంట కట్టాక ట్యాంకులో మిగతా చేపలన్నిటినీ ఒక మూలకు నెట్టేస్తాయి. ఇక ఫ్లవర్‌హార్న్ 1990ల్లో మలేషియాలో మనుషులు సంకరం చేసి పుట్టించిన చేప. అదృష్టమని మన దగ్గర చాలా ఇళ్ళలో ఉంది. దాన్ని ఒంటరిగానే ఉంచండి, తోడు లేదని జాలిపడి ఇంకోదాన్ని తేవొద్దు.

ఐదోది, "ఖాళీ ఉంటేనే కొట్టుకుంటాయి, ట్యాంక్ నిండా వేయండి" అని. ఇందులో సగం నిజం ఉంది, ప్రమాదం కూడా అక్కడే. ఎంబునాలను కాస్త ఒత్తుగా పెంచితే ఒక్కదాన్నే పట్టుకుని తరిమే వీలు తగ్గుతుంది. అయితే ఆ పని చేసేవాళ్ళు నాలుగడుగుల ట్యాంకు, 250 లీటర్ల నీళ్ళు, రెండు ఫిల్టర్లు పెట్టి, వారం వారం మూడో వంతు నీళ్ళు మారుస్తారు. మన ఇళ్ళలో మామూలుగా ఉండే రెండడుగుల ట్యాంకులో పట్టేది దాదాపు 56 లీటర్లు. పైగా మన బోరు నీళ్ళు చాలాచోట్ల గట్టి నీళ్ళు (సున్నం లాంటి లవణాలు ఎక్కువున్నవి), పీహెచ్, అంటే క్షార గుణం, ఎక్కువ. ఈ చేపలకు అవి బాగానే పడతాయి, కానీ పీహెచ్ ఒక పాయింట్ పెరిగితే చేపల వ్యర్థాల నుంచి వచ్చే అమోనియాలో విషంగా పనిచేసే భాగం దాదాపు పది రెట్లవుతుంది, నీళ్ళు వేడెక్కితే ఇంకా పెరుగుతుంది. మే నెలలో బయట 42 డిగ్రీలున్నప్పుడు కరెంటు పోయి ఫిల్టర్ ఆగితే ఆ కిక్కిరిసిన ట్యాంకులో ఏం మిగులుతుంది? అవును, కొట్లాటలు ఆగిపోతాయి. కొట్టుకోవడానికి చేపలుండాలి కదా.

ఆరోది, "రాళ్ళు తీసి వేరేలా పేర్చండి" అని. ఇది మాత్రం సరైన మాట, ఒప్పుకుంటున్నా. ఏడాది పాటు ఇది పనికిమాలిన సలహా అని నేనే అందరితో వాదించాను. పోయిన చలికాలంలో కొత్తగా నాలుగు ఎల్లో ల్యాబులు (పసుపు రంగు ఎంబునాలు) తెచ్చినప్పుడు విసుగొచ్చి రాళ్ళన్నీ తీసి మళ్ళీ పేర్చి, లైటు ఆర్పి, రాత్రి వాటిని వదిలాను. పొద్దునకు పాతవాటికి తమ జాగా ఏదో తెలియడం లేదు, అన్నీ మళ్ళీ మొదటి నుంచి గుహలు వెతుక్కుంటున్నాయి. ఆ సందట్లో కొత్తవి కుదురుకున్నాయి. మరీ పొగరున్న మగదాన్ని వారం రోజులు వేరే తొట్టిలో ఉంచి తిరిగి వదిలినా ఇదే జరుగుతుంది.

రాళ్ళకు షాపులో డబ్బులు పోయక్కర్లేదు. మన కడప బండ సున్నపురాయే, ఈ చేపలకు కావలసిన గట్టిదనాన్ని నీళ్ళలో నిలబెడుతుంది. ముక్కలు బాగా కడిగి, అడుగున ఇసుక కన్నా ముందే అద్దం మీద ఆనించండి. ఇసుక మీద పెడితే చేపలు కింద తవ్వుతాయి, బండ ఒరిగి అద్దం పగులుతుంది. గుహలు ఒకే చోట కాకుండా ట్యాంకు పొడవునా ఉండాలి, ప్రతి గుహకూ రెండు దారులుండాలి. ఒకే దారి ఉంటే అది దాక్కునే చోటు కాదు, చిక్కుకునే చోటు.

ఇప్పటికే ఎవరైనా చిన్న ట్యాంకులో కెన్యీల జంట పెట్టి ఉంటే ఈ రాత్రే మధ్యలో ప్లాస్టిక్ జాలీ అడ్డం పెట్టండి, లేదంటే ఆడదాన్ని బకెట్‌లోకైనా మార్చి ఎయిర్ పంపు వేయండి. దవడ ఉబ్బి ఉంటే భయపడొద్దు, నోట్లో గుడ్లుండొచ్చు, బెదరగొట్టకుండా నెమ్మదిగా పట్టండి. బండ ముక్కలు మా ఇంటి వెనక చాలా మిగిలున్నాయి, ఆదివారం పొద్దున వచ్చి తీసుకుపోండి.