15 కిలోమీటర్ల సిగ్నల్, పదేళ్ల బ్యాటరీ: ఈ రెండూ ఒకే డబ్బాలో రావు

నల్లగొండ జిల్లా రైతుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. బత్తాయి తోటలో వైర్‌లెస్ సెన్సర్లు పాతితే చాలు, నేలలో తేమ ఎంతుందో ఫోన్‌లోనే కనిపిస్తుందట. సెన్సర్ల రీడింగ్‌లు అందుకునే పెట్టె, అంటే గేట్‌వే, ఒక్కటుంటే 15 కిలోమీటర్ల దాకా సిగ్నల్ అందుతుందట. బ్యాటరీ పదేళ్లు మార్చక్కర్లేదట. ఎన్ని సెన్సర్లు పెడితే అంత మంచిదట, ఒకటి పోయినా మిగతావి దారి చూసుకుంటాయట. ఇంటర్నెట్ అక్కర్లేదు, పొలానికి పోయే పనే లేదు అని ముగించారు. దేవరకొండ, హాలియా వైపు తెలిసినవాళ్లు అది నాకు పంపి "అన్నా, కొనమంటవా?" అని అడుగుతున్నారు.

ఈ టెక్నాలజీ మీద నాకు నమ్మకం ఉంది. బోర్లు ఎండిపోయే మన దగ్గర నీళ్లు పొదుపు చేయడానికి ఇది నిజంగా పనికొస్తుంది. అందుకే రైతులు ఈ మెసేజ్ నమ్మి కొని, ఏడాది తిరక్కుండా మూలన పడేసి, ఇవన్నీ ఉత్తవే అనుకోకూడదని రాస్తున్నాను. ఇందులో చాలా హామీలు విడివిడిగా నిజమే. అన్నీ కలిపి ఒకే తోటలో కావాలంటేనే కుదరదు.

ముందు 15 కిలోమీటర్ల సంగతి. లతీఫ్ సాహెబ్ గుట్ట మీద గేట్‌వే పెట్టి, కింద అడ్డులేని చోట సెన్సర్ పెడితే లోరా, అంటే తక్కువ కరెంటుతో దూరం పోయే రేడియో పద్ధతి, సిగ్నల్ అంత దూరం పోవచ్చు. తోటలో కథ వేరు. రేడియో తరంగం దారంలా సన్నగా పోదు, దాని చుట్టూ కొంత ఖాళీ కావాలి. దాన్ని ఫ్రెనెల్ జోన్ అంటారు. లోరాకు మన దేశంలో వాడే 866 మెగాహెర్ట్జ్ ప్రాంతంలో, కిలోమీటరు దూరానికి ఆ జోన్ వ్యాసార్థం సరిగ్గా మధ్యలో దాదాపు 9 మీటర్లు. అందులో కనీసం 60 శాతం, అంటే ఐదున్నర మీటర్లు, అడ్డు లేకుండా ఉండాలి. బత్తాయి చెట్టు నాలుగైదు మీటర్లు పెరుగుతుంది. సెన్సర్ యాంటెన్నా చూస్తే మోకాలి ఎత్తున ఉంటుంది. ఇక సిగ్నల్ పోవాల్సింది ఆకుల్లోంచే. ఆకుల్లో నీరుంటుంది, నీరు సిగ్నల్‌ను మింగేస్తుంది, వాన పడ్డాక ఇంకా ఎక్కువ. పైగా నేలకు దగ్గరగా ఉంటే, దూరం రెట్టింపైనప్పుడు సిగ్నల్ ఖాళీ ప్రదేశంలోలా నాలుగో వంతుకు కాదు, దాదాపు పదహారో వంతుకు పడిపోతుంది. 2.4 గిగాహెర్ట్జ్‌లో నడిచే జిగ్బీ అనే ఇంకో రేడియో పద్ధతి అయితే ఆకుల మధ్య మరీ ఇబ్బంది. యాంటెన్నాను పైపు కట్టి చెట్ల పైకి లేపాల్సిందే. ఆ పైపు ఖర్చు మెసేజ్‌లో లేదు.

బ్యాటరీ లెక్క కూడా ఇక్కడే ముడిపడి ఉంది. సిగ్నల్ దూరం పోవాలంటే లోరా నెమ్మదిగా మాట్లాడాలి. ఎంత నెమ్మదిగా అన్నది ఎస్‌ఎఫ్ అనే అంకె చెబుతుంది. పది బైట్ల రీడింగ్ పంపడానికి వేగమైన ఎస్‌ఎఫ్ 7 సెట్టింగ్‌లో సుమారు 60 మిల్లీసెకన్లు, దూరానికి వాడే ఎస్‌ఎఫ్ 12లో సుమారు ఒకటిన్నర సెకను పడుతుంది. 2500 మిల్లీ ఆంప్ అవర్ బ్యాటరీ, పంపేటప్పుడు 40 మిల్లీ ఆంప్‌లు, నిద్రలో 10 మైక్రో ఆంప్‌లు, పావుగంటకో రీడింగ్ అనుకుందాం. నిద్రకే ఏడాదికి 88 మిల్లీ ఆంప్ అవర్లు పోతాయి. పంపడానికి ఎస్‌ఎఫ్ 7లో 23 చాలు, ఎస్‌ఎఫ్ 12లో 584 కావాలి. అంటే గేట్‌వే దగ్గరుంటే పదేళ్ల మాట నిజం కావచ్చు. దూరంగా ఉంటే నాలుగేళ్లు కూడా నిండవు. తేమ కొలిచే ప్రోబ్ తినే కరెంటు, అందని రీడింగ్‌ను మళ్లీ పంపే ఖర్చు ఇందులో కలపలేదు. మే నెలలో 45 డిగ్రీల ఎండకు మూసిన డబ్బా లోపల ఇంకా వేడెక్కుతుంది. ఆ వేడికి బ్యాటరీ వాడకపోయినా తరుగుతుంది.

ఎన్ని పెడితే అంత మంచిదన్నది పూర్తిగా తప్పు. మామూలు లోరా సెన్సర్ ఎవరైనా మాట్లాడుతున్నారా అని వినదు, తన టైమ్ రాగానే పంపేస్తుంది. రెండు ఒకేసారి పంపితే రెండు రీడింగ్‌లూ పాడైపోవచ్చు. చవక గేట్‌వేలు ఒకే ఛానెల్ వింటాయి. అలాంటి దానికి వంద సెన్సర్లు ఎస్‌ఎఫ్ 12లో పావుగంటకోసారి పంపితే, లెక్క ప్రకారం వందలో 28 రీడింగ్‌లు ఢీకొంటాయి. ముందు విని పంపే రకం పెట్టినా, గుట్టకు ఆ పక్కా ఈ పక్కా ఉన్న రెండు సెన్సర్లకు ఒకదాని మాట ఇంకోదానికి వినపడదు. పైనున్న గేట్‌వే దగ్గర మాత్రం రెండూ ఢీకొంటాయి.

దారి మార్చుకోవడం జిగ్బీ లాంటి మెష్‌లో, అంటే ఒక సెన్సర్ రీడింగ్‌ను ఇంకోటి అందుకుని ముందుకు పంపే పద్ధతిలో, ఉంటుంది, నేరుగా గేట్‌వేకే పంపే లోరాలో ఉండదు. మెష్‌లో కూడా గేట్‌వే పక్కనున్న సెన్సర్లు తోటంతటి రీడింగ్‌లూ మోయాలి. అందుకే వాటి బ్యాటరీ ముందు అయిపోతుంది. అవి పోతే వెనకున్నవి బాగున్నా తోట మొత్తం మూగబోతుంది.

ఇంటర్నెట్ అక్కర్లేనిది సెన్సర్‌కు, గేట్‌వేకు కాదు. ఫోన్‌లో ఎక్కడి నుంచైనా రీడింగ్ కనబడాలంటే గేట్‌వేకు సిమ్మో, బ్రాడ్‌బ్యాండో కావాలి. కరెంటు పోయినా నడిచే బ్యాటరీ కావాలి. కోతులు వైర్లు పీకని చోట పెట్టాలి.

పొలానికి పోనక్కర్లేదన్న మాట నన్ను అన్నిటికంటే ఎక్కువ భయపెడుతోంది. చవక ప్రోబ్ ఇచ్చే శాతం చల్క నేలలో ఒకలా, నల్లరేగడిలో ఒకలా ఉంటుంది, మన మట్టికి సరిచూసుకోకపోతే ఆ అంకెకు అర్థం లేదు. పాతినప్పుడు ప్రోబ్ పక్కన కాస్త గాలి సందు మిగిలితే, నేల తడిగా ఉన్నా పొడిగా ఉందని చూపిస్తుంది. ఆ రీడింగ్‌కు మోటార్ స్టార్టర్ కలిపారంటే మోటార్ ఆగదు. బత్తాయి మొదట్లో నీళ్లు నిలిస్తే వేరుకుళ్లు వస్తుంది. కొన్నవాళ్లు మొదటి సీజన్‌లో మోటార్‌ను సెన్సర్‌కు కలపకండి. రీడింగ్ చూసిన ప్రతిసారీ ప్రోబ్‌కు రెండడుగుల దూరంలో తవ్వి, మట్టి పిడికిట్లో పిసికి చూడండి. రెండూ ఒకే మాట చెబుతున్నాయని తేలాకే స్టార్టర్ కలపండి.