త్యాగానికీ ఒక కొలత ఉంది: సహాబాల (ప్రవక్త సహచరుల) జీవితాలను ఎలా చదవాలి?

అబూబక్ర్ (రజి: అల్లాహ్ ఆయన పట్ల ప్రసన్నుడగుగాక) ఇంట్లో ఉన్నదంతా తెచ్చి ముహమ్మద్ ప్రవక్త (స: ఆయనపై శాంతి కలుగుగాక) ముందు పెట్టారు. ఇంటివాళ్లకు ఏం మిగిల్చావని అడిగితే అల్లాహ్‌ను, ఆయన ప్రవక్తను మిగిల్చి వచ్చానన్నారు. అదే రోజు ఉమర్ (రజి) తన సొమ్ములో సగం తెచ్చారు. ఉత్తర అరేబియాలోని తబూక్ మీదికి దండయాత్ర సన్నాహాల్లో జరిగినట్టు చెప్పే ఈ సంఘటన వినకుండా ఒక్క రంజాన్ నెల కూడా గడవదు. ఆ తబూక్ ముగిసి సైన్యం మదీనాకు తిరిగొచ్చాక జరిగిన ఇంకో సంగతి మాత్రం అంతగా వినపడదు. కఅబ్ బిన్ మాలిక్ (రజి) ఆ దండయాత్రకు వెళ్లకుండా ఉండిపోయిన తప్పుకు దొరికిన క్షమాపణకు కృతజ్ఞతగా ఆస్తంతా దానం చేస్తానన్నారు. ప్రవక్త (స) వద్దన్నారు. కొంత నీ దగ్గరే ఉంచుకో, అదే నీకు మేలు అన్నారు. కఅబ్ ఖైబర్ ఒయాసిస్‌లో తనకొచ్చిన వాటాను అట్టేపెట్టుకున్నారు.

ఒకరి నుంచి మొత్తం తీసుకుని, ఇంకొకరిని ఆపిన వ్యక్తి ఒక్కరే. తొలి ముస్లింల జీవితాల నుంచి స్ఫూర్తి పొందాలనుకునేవారు మొదట పట్టించుకోవాల్సింది ఈ తేడానే. మనం సాధారణంగా పతాక సన్నివేశాన్ని తీసుకుని, దాని చుట్టూ ఉన్న షరతులను వదిలేస్తాం. ఎవరు, ఏ స్థితిలో, ఎంతవరకు చేశారన్నది జారిపోతుంది. దాంతో కథ విన్న రాత్రి కళ్లు చెమరుస్తాయి, వారం తిరిగేసరికి జీవితం ఎప్పటిలాగే ఉంటుంది. ఇంకా ఉత్సాహం ఉన్నవాళ్లు ఒక్కసారిగా భారం ఎత్తుకుని, రెండు నెలల్లో దించేసి, చేతకాలేదని కుంగిపోతారు.

సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) విషయం చూడండి. హిజ్రీ 10, అంటే క్రీ.శ. 632లో, ప్రవక్త అంతిమ హజ్ సమయంలో మక్కాలో ఆయన తీవ్రంగా జబ్బుపడ్డారు. అప్పటికి వారసురాలు ఒక్క కూతురే. ఆస్తిలో మూడింట రెండు వంతులు దానంగా రాసేయనా అని అడిగారు. వద్దన్నారు ప్రవక్త. సగం? అదీ వద్దు. మూడో వంతు? సరే, అయినా అదీ ఎక్కువే అన్నారు. నీ వారసులు జనం ముందు చేయి చాచేలా వదిలి వెళ్లడం కంటే కలిగినవాళ్లుగా వదిలి వెళ్లడం మంచిదని కారణమూ చెప్పారు. చనిపోతాననుకున్న సఅద్ ఆ తర్వాత నలభై ఏళ్లకు పైగా బతికారు. ఖాదిసియా యుద్ధంలో సేనాపతి అయ్యారు, ఇరాక్‌లో కూఫా నగరాన్ని నిర్మించారు, మరెందరో పిల్లల తండ్రి అయ్యారు. ఇస్లామీయ వీలునామాకు మూడో వంతు హద్దు ఈ సంభాషణతోనే స్థిరపడింది. భారతదేశంలో ముస్లిం పర్సనల్ లా కింద వీలునామా రాసే ఎవరికైనా, గుంటూరులోనైనా నిజామాబాద్‌లోనైనా, నేటికీ వర్తించే సాధారణ నియమం ఇదే. మంచంలో ఉన్న ఒక మనిషి అడిగిన మూడు ప్రశ్నలు ఎంత దూరం వచ్చాయో!

ధనం సంగతి అలా ఉంచితే, ఆరాధనలోనూ ఇదే కథ. అబ్దుల్లా బిన్ అమ్ర్ (రజి) యువకుడు, చదువరి, హదీసులు (ప్రవక్త మాటలు, చేతల ఉల్లేఖనాలు) రాసుకున్న అతికొద్దిమందిలో ఒకరు. రోజూ ఉపవాసం, ప్రతి రాత్రీ ఖుర్ఆన్ మొత్తం పారాయణం. కోడలి యోగక్షేమాలు అడిగిన తండ్రికి ఆమె చెప్పిన జవాబులో ప్రశంసా ఉంది, ఫిర్యాదూ ఉంది: మంచి మనిషే, కాకపోతే ఇంతవరకు మా పక్క మీద అడుగు పెట్టలేదు. విషయం ప్రవక్త దాకా వెళ్లింది. అక్కడ జరిగింది అచ్చంగా బేరమే. నెలకు మూడు ఉపవాసాలు చాలన్నారు. అంతకన్నా చేయగలనన్నారు అబ్దుల్లా. మెట్టుమెట్టుగా పెరిగి చివరికి రోజు విడిచి రోజు ఉపవాసం దగ్గర ఆగింది, అంతకు మించినది లేదని. పారాయణం నెలకోసారితో మొదలై ఏడు రోజులకోసారి దగ్గర నిలిచింది. నీ శరీరానికి నీ మీద హక్కుంది, నీ కళ్లకు హక్కుంది, నీ భార్యకు హక్కుంది అన్నది ఆ సందర్భంలోని మాటే.

అసలు పాఠం ఆ తర్వాత ఉంది. ముసలితనం వచ్చాక అబ్దుల్లా, ప్రవక్త ఇచ్చిన సడలింపును అప్పుడే ఒప్పుకుని ఉంటే బాగుండేదని వాపోయారు. కానీ మొదలుపెట్టింది మానడానికి మనసొప్పలేదు. అందుకని ఒక ఏర్పాటు చేసుకున్నారు. రాత్రి చదవాల్సిన ఏడో భాగాన్ని పగలే ఇంట్లో ఎవరికో ఒకరికి వినిపించి సరిచూసుకునేవారు, రాత్రి భారం తగ్గుతుందని. ఒంట్లో సత్తువ లేదనిపిస్తే కొన్నాళ్లు ఉపవాసాలు ఆపి, ఆపిన రోజులు లెక్క పెట్టుకుని, తర్వాత అన్నీ పూర్తి చేసేవారు. పట్టుదలను పొగడాలంటే ఈ సర్దుబాటునూ కలిపి పొగడాలి. రంజాన్ తర్వాత కూడా తహజ్జుద్ (రాత్రి నిద్ర లేచి చేసే ఐచ్ఛిక నమాజు) కొనసాగించాలని అనుకుని షవ్వాల్ (రంజాన్ తర్వాతి నెల) రెండో వారానికే మానేసేవారికి పనికొచ్చే వివరం ఇది. ఇరవై ఏళ్ల వయసులో పెట్టుకున్న కొలత అరవైలో కూడా మోయగలిగేదై ఉండాలి. క్రియల్లో అల్లాహ్‌కు అత్యంత ఇష్టమైనది కొద్దిగానైనా ఎడతెగక చేసేదే అన్న హదీసు ఆయిషా (రజి) ద్వారా మనకు చేరింది కూడా.

వాయిదా వేసే అలవాటుకు కఅబ్ బిన్ మాలిక్ తన నోటితో చెప్పిన వృత్తాంతాన్ని మించిన విశ్లేషణ అరుదు. హిజ్రీ 9లో తబూక్ పిలుపు వచ్చినప్పుడు ఆయనకు ఏ లోటూ లేదు. జీవితంలో మొదటిసారి రెండు ఒంటెలున్నాయి. ఎండాకాలం, పండ్లు పక్వానికొచ్చి నీడ హాయిగా ఉన్న సమయం. రోజూ పొద్దున్నే సామగ్రి సిద్ధం చేసుకుందామని వెళ్లేవారు, ఏమీ చేయకుండా తిరిగొచ్చేవారు. ఎప్పుడనుకుంటే అప్పుడు చేయగలనులే అనుకున్నారు. సైన్యం కదిలింది. ఒకట్రెండు రోజుల్లో వెళ్లి కలుసుకుంటాననుకున్నారు. అదీ జరగలేదు. పని చెడగొట్టింది బలహీనత కాదు, నాకు స్తోమత ఉందన్న భరోసా. వెనకబడ్డ ఎనభై మందికి పైగా వచ్చి సాకులు చెప్పి, ప్రమాణాలు చేసి బయటపడ్డారు. కఅబ్, మురారా, హిలాల్ నిజం ఒప్పుకున్నారు. యాభై రోజుల సాంఘిక వెలి అనుభవించారు. వరసకు అన్నదమ్ముడైన అబూఖతాదా (రజి) తోట గోడ ఎక్కి వెళ్లి సలాం చేస్తే ఆయన కూడా బదులివ్వలేదు. మా దగ్గరికి వచ్చెయ్ అని సిరియా వైపు పాలకుడైన గస్సాన్ రాజు నుంచి ఉత్తరం వస్తే కఅబ్ దాన్ని పొయ్యిలో వేశారు. ఉత్తరాన్ని దాచుకుని తర్వాత ఆలోచిద్దామని కూర్చోలేదు. వాయిదాలతో చెడిన మనిషి ఈసారి ఒక్క క్షణం కూడా వాయిదా వేయలేదు.

ఇక వ్యాపారం. అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) కట్టుబట్టలతో మదీనాకు వచ్చి కోటీశ్వరుడైన కథ మన ప్రేరణ ప్రసంగాలకు బాగా ఇష్టం. అన్సార్ (మదీనా స్థానిక ముస్లిం) సోదరుడు సఅద్ బిన్ రబీ సగం ఆస్తి ఇస్తానంటే, అల్లాహ్ నీ సంపదలో శుభం కలిగించుగాక, బజారు దారి చూపించు అన్నారు. బనూ ఖైనుఖా బజారులో నెయ్యి, ఎండబెట్టిన పెరుగుగడ్డలు అమ్మారు. అక్కడితో ఆపేస్తే ఇది అద్భుతంలా కనిపిస్తుంది. ఆయన మక్కాలో ఆరితేరిన ఖురైష్ తెగ వర్తకుడన్న సంగతి కలిపి చదవాలి. పోయింది పెట్టుబడి, నైపుణ్యం కాదు. ఎంచుకున్న సరుకు కూడా చిన్న మొత్తంతో మొదలుపెట్టగలిగేది, ప్రతి ఇంటికీ కావాల్సింది. ఉద్యోగం మానేసి తెలియని వ్యాపారంలోకి దూకడానికి ఈ కథను సాక్ష్యంగా చూపేవాళ్లు తలకిందులుగా చదువుతున్నట్టే. మరోవైపు, ధనవంతుడు కాబట్టి ఆయన స్వర్గంలోకి పాకుతూ వెళ్తారన్న ఉల్లేఖనం కూడా ప్రచారంలో ఉంది. దాన్ని ఇమామ్ అహ్మద్ బిన్ హంబల్ వంటి హదీసు విద్వాంసులే తోసిపుచ్చారు. బిలాల్ (రజి) అజాన్ ఇవ్వకపోతే సూర్యుడు ఉదయించలేదన్న కథా అంతే, దానికి ఆధారం లేదు. ఒక సంఘటన మనసును కదిలించిందంటే అది జరిగిందని కాదు. ఎవరు ఉల్లేఖించారు, ఏ సంకలనంలో ఉంది, పరిశీలించినవారు ఏమన్నారు అన్న మూడు ప్రశ్నలు వేశాకే దాన్ని జీవితానికి అన్వయించుకోవాలి.

ఈ కథలన్నిటిలో నేటి మనిషికి అత్యంత ఉపయోగమైనది జుబైర్ బిన్ అవ్వామ్ (రజి) అప్పుల లెక్క అని నా అభిప్రాయం. బుఖారీ హదీసు సంకలనంలో సుదీర్ఘంగా ఉన్నా, ప్రసంగాల్లో దాదాపు వినపడదు. హిజ్రీ 36 (క్రీ.శ. 656)లో జమల్ యుద్ధం రోజు, ముస్లింలే రెండు పక్షాలుగా నిలిచిన ఆ విషాదంలో, జుబైర్ కొడుకు అబ్దుల్లాను పిలిచి తన బెంగంతా అప్పుల గురించేనన్నారు. ఆ రోజే హతులయ్యారు. అప్పులు ఎలా వచ్చాయంటే, జనం ఆయన దగ్గర డబ్బు దాచుకోవడానికి తెచ్చేవారు. అమానతుగా తీసుకోను, అప్పుగా ఇవ్వండి అనేవారాయన. తేడా చిన్నదేమీ కాదు. అమానతు సొమ్ము దాచినవాడి తప్పు లేకుండా పోతే అతను కట్టనక్కర్లేదు. అప్పయితే ఏం జరిగినా కట్టి తీరాలి. సొమ్ము పోతుందేమోనన్న భయంతో ఆయన నష్టభయాన్ని తన నెత్తిన వేసుకున్నారు, ప్రతిగా ఆ డబ్బును వాడుకునే వీలు పొందారు. ఎవరికీ లాభం ఆశ చూపలేదు. హలాల్ లాభాల పేరుతో నెలనెలా ఇంత ఇస్తామని డిపాజిట్లు పోగుచేసి చేతులెత్తేసిన స్కీములను హైదరాబాద్ చూసింది. వాటిలో సొమ్ము పోగొట్టుకున్న వాళ్లు ఈ ఒక్క ఉల్లేఖనం ముందే చదివి ఉంటే అడగాల్సిన ప్రశ్న తెలిసేది: నా డబ్బు నీ దగ్గర అమానతా, అప్పా, వాటానా? నష్టం వస్తే ఎవరిది?

మొత్తం అప్పు ఆనాటి నాణేల్లో 22 లక్షలు తేలింది. చేతిలో నగదు లేదు, ఉన్నవన్నీ స్థిరాస్తులే: మదీనాలో 11 ఇళ్లు, బస్రాలో 2, కూఫాలో 1, ఈజిప్టులో 1, మదీనా దగ్గరి గాబాలో భూమి. అప్పు పెద్దది, ఆస్తి వెంటనే డబ్బుగా మారదు. జుబైర్ ఏర్పాటులో లోపం ఎక్కడుందంటే ఇక్కడే. దాన్ని సరిదిద్దే బాధ్యత కొడుకుది. జుబైర్ 1 లక్షా 70 వేలకు కొన్న గాబా భూమిని అబ్దుల్లా 16 వాటాలు చేసి, వాటా లక్ష చొప్పున 16 లక్షలకు అమ్మారు. నాలుగు లక్షలు రావాల్సిన అబ్దుల్లా బిన్ జఅఫర్ కావాలంటే మాఫీ చేస్తానన్నారు, జుబైర్ కొడుకు వద్దన్నారు. గడువిస్తానన్నారు, అదీ వద్దన్నారు. ఆయన బాకీ కింద నాలుగు వాటాలు రాసిచ్చారు. అప్పులన్నీ తీరాక తోబుట్టువులు వాటాలు పంచమని అడిగితే, వరసగా నాలుగేళ్లు హజ్ సమయంలో చాటింపు వేయిస్తాను, జుబైర్ ఎవరికైనా బాకీ ఉంటే వాళ్లొస్తే తీరుస్తాను, తర్వాతే పంపకం అన్నారు. అలాగే చేశారు. అప్పుడు మూడో వంతు వసీయతు (వీలునామా) కింద తీసి, మిగతాది పంచితే నలుగురు భార్యలకు ఒక్కొక్కరికి 12 లక్షలు వచ్చాయి.

ఒక చిన్న పక్కదారి: ఉల్లేఖనంలో మొత్తం ఆస్తి 5 కోట్ల 2 లక్షలని ఉంది. భార్యల వాటా (వసీయతు పోను మిగిలినదాంట్లో నలుగురికీ కలిపి ఎనిమిదో వంతు) నుంచి వెనక్కి లెక్కిస్తే అప్పుతో కలిపి 5 కోట్ల 98 లక్షలు రావాలి. ఈ తేడాను ఇబ్న్ హజర్ వంటి బుఖారీ వ్యాఖ్యాతలు దాచిపెట్టలేదు, కూర్చుని చర్చించారు. ఆ నాలుగేళ్లలో ఆస్తి మీద వచ్చిన రాబడి కలిసి ఉంటుందన్నది ఒక వివరణ. భక్తి ఉన్నచోట లెక్క తప్పితే అడగకూడదనుకునే వాళ్లకు ఇదీ ఒక ఆదర్శమే.

మన దగ్గర జనాజా (అంత్యక్రియల) నమాజు ముందు, మయ్యత్ (చనిపోయిన వ్యక్తి) ఎవరికైనా బాకీ ఉంటే వారసులను కలవండి అని ప్రకటించే ఆనవాయితీ ఉంది. అర నిమిషంలో అయిపోతుంది. ఆ దుఃఖంలో, ఆ గుంపులో ఎవరూ నోరు తెరవరు. తర్వాత అడిగితే కాగితం ఏదీ అంటారు. అప్పును రాసుకోవాలని, సాక్షులను పెట్టుకోవాలని చెప్పే వాక్యం (2:282) ఖుర్ఆన్‌లోకెల్లా పొడవైనది. జుబైర్ నుంచి స్ఫూర్తి పొందడమంటే ఆచరణలో ఇంతే: ఒక నోటుపుస్తకంలో ఇవ్వాల్సినవి ఒకవైపు, రావాల్సినవి ఇంకోవైపు, తేదీ, మొత్తం, సాక్షి పేరు. తీర్చిన ప్రతి పైసాకు ఎదురుగా గుర్తు. ఆ పుస్తకం ఎక్కడుందో తెలిసిన మనిషి ఇంట్లో కనీసం ఒక్కరు. ఊళ్లో చేబదులు, దుబాయ్‌లో గదిలో ఉన్నవాళ్ల దగ్గర తీసుకున్నది, చీటీపాట బకాయి, మసీదు కమిటీ తరఫున చేతిలో ఉన్న సొమ్ము, అన్నీ రావాలి అందులో. ఆఖరిదాన్ని సొంత డబ్బుతో కలపకుండా విడిగా రాయాలి, అది అమానతు.

అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ మదీనాలో పెళ్లి చేసుకున్నప్పుడు ఇచ్చిన మహర్ (భర్త భార్యకు ఇవ్వాల్సిన సొమ్ము) ఖర్జూర గింజ తూకమంత బంగారం. ఒక్క గొర్రెతోనైనా సరే వలీమా (పెళ్లి విందు) ఇవ్వమన్నారు ప్రవక్త. సంపాదన మొదలైన కొద్దికాలానికే, తన చేతిలో ఉన్నదాంట్లోంచి ఇచ్చిన మహర్ అది. మన నిఖానామాల్లో (పెళ్లి పత్రాల్లో) ఎక్కువగా కనిపించేది బకాయి మహర్. అంకె ఘనంగా రాస్తారు, ఎప్పుడిస్తారో రాయరు. ఫంక్షన్ హాలుకు, జోడా రఖమ్‌కు (పెళ్లికొడుక్కి ఇచ్చే కట్నపు సొమ్ముకు) దొరికిన డబ్బు దీనికి దొరకదు. ఇవ్వని మహర్ షరీఅత్‌లోనూ, దేశంలో అమలయ్యే ముస్లిం లా ప్రకారమూ భర్త మీద అప్పే. భర్త పోతే అంత్యక్రియల ఖర్చు తర్వాత, వీలునామాకూ పంపకానికీ ముందు, మిగతా అప్పులతో పాటు తీర్చాల్సినది. పెళ్లయిన మగవాళ్లలో చాలామంది ఆ నోటుపుస్తకం మొదటి గీత మీద రాయాల్సింది బయటివాళ్ల పేరు కాదు, భార్య పేరు.