అవ్వ పొయ్యికి భూసార పరీక్ష

ఎన్ని పుస్తకాలు తిరగేసినా పల్లెలో కాపురం ఉంటే తప్ప సేద్యం ఒంటబట్టదని, వ్యవసాయ విద్యార్థుల్ని ఊళ్ళకు పంపమని 1992లో రంధావా కమిటీ సిఫారసు చేసింది. ఆ సిఫారసు పుణ్యమా అని డిగ్రీ నాలుగో ఏడు మేం ముగ్గురం అనంతపురం జిల్లాలో ఓ అవ్వ పంచన పడ్డాం. అక్షరాలా పంచలోనే, మూడు చాపలు పరుచుకుని.

ఈ పల్లెవాసానికి ఇంగ్లీషులో పొడుగు పేరుంది. పొడి అక్షరాలన్నీ కలిపి మేం 'రావే' అంటాం. "రావేకి వచ్చినాం అవ్వా" అంటే ఆమె మా వెనక్కి తొంగి చూసి, "ఎవుర్ని పిలుస్తాండారప్పా? ఆడపిల్ల ఎవురూ లేదే!" అంది.

మొదటి పని మట్టి నమూనాలు. శెనక్కాయ విత్తకముందే అయిదుగురు రైతుల చేలల్లో తీయాలి. తీయడమంటే గుప్పెడు మన్ను జేబులో వేసుకోవడం కాదు. చేనంతా వంకరటింకరగా నడిచి, ఎనిమిది పది చోట్ల 'వి' ఆకారంలో 15 సెంటీమీటర్ల లోతు గుంట తవ్వి, గోడల వెంబడి మన్ను గీకాలి. అంతా పోగేసి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురుగా ఉన్న రెండూ పారేయాలి. మిగిలింది కలిపి మళ్ళీ నాలుగు భాగాలు. ఇలా అరకిలో మిగిలేదాకా పారేస్తూనే ఉండాలి. మేం గంపెడు తవ్వి గంపెడూ పారబోస్తుంటే ఓ రైతు చాలాసేపు చూసి, "మీ కాలేజీలో ఫీజెంతప్పా?" అని మాత్రం అడిగాడు.

ఆ మన్ను నీడలో ఆరాలి. అవ్వ పంచలోనే అయిదు పేపర్లు పరిచి, అయిదు కుప్పలు పోసి, ఒక్కోదాని మీద రైతు పేరు, సర్వే నంబరు రాసిన చీటీ పెట్టాం. రాళ్ళూ వేళ్ళూ ఏరాం. చెక్కసుత్తితో మెత్తగా కొట్టి జల్లించాం. మూడు రోజులు ఇదే పని. అవ్వ అరుగు మీద కూర్చుని ముసిముసిగా నవ్వుతుంటే మా శాస్త్రీయ దృక్పథానికి ముచ్చటపడుతోందనుకున్నాం.

తొలి ఏకాదశి వెళ్ళిన మర్నాడు నమూనాలు సంచుల్లో కట్టి కాలేజీ ల్యాబుకు పంపాం. వారం తిరక్కుండానే మా గైడు సారు ఫోను.

"ఒరే, ఈ మట్టి ఎక్కడిదిరా?"

సేంద్రియ కర్బనం, అంటే కుళ్ళిన ఆకూ అలమా, పేడా వల్ల మట్టికొచ్చే సత్తువ, ఎంతుందో చూడటానికి మట్టిలో నారింజ రంగు డైక్రోమేట్ ద్రావణం పోస్తారు. కర్బనం మోతాదు మించితే డైక్రోమేటంతా ఖర్చయిపోయి పచ్చరంగు తేలుతుంది. కర్బనం 0.5 శాతం కన్నా తక్కువుంటే పేదనేల అంటారు. అనంతపురం ఎర్రనేలలు చాలావరకు ఆ బాపతే. అలాంటిది, ఊరికి నాలుగు దిక్కులా ఉన్న అయిదు చేల మట్టీ అయిదు గాజుకుప్పెల్లో పచ్చగా నిగనిగలాడిందట. మట్టి తగ్గించి మళ్ళీ చేసినా అంతే.

నేను ఆగగలనా? సాయంత్రానికల్లా ఊరంతా చెప్పేశాను. అయిదుగురిలో ఒకాయన అప్పటికే బేరమాడి పెట్టుకున్న నాలుగు బండ్ల పశువుల ఎరువు వద్దని కబురు పంపేశాడు. "నా సేను బంగారమంట, ఇంగ ఎరువెందుకు?"

మర్నాడు సారు దిగారు. చేలో మన్ను తీసి చూశారు, ఎర్రగా పొడిపొడిగా ఉంది. ల్యాబు నుంచి తెచ్చిన మన్ను చూశారు, నల్లగా జిగటగా ఉంది. పంచలోకి వచ్చి, "ఎక్కడ ఆరబెట్టారు?" అన్నారు. చూపించాం. అవ్వ మంచినీళ్ళ చెంబు తెచ్చి, "ఆ మన్నా సామీ? పొయ్యికి పూసినా" అంది.

లోపలికి తొంగి చూశాం. పొయ్యి, దాని వెనక సగం గోడ ఎర్రగా, నున్నగా, మధ్య మధ్య ముగ్గు చుక్కలతో కళకళలాడుతున్నాయి. అయిదు సర్వే నంబర్లూ అక్కడున్నాయి.

"పండక్కి పొయ్యి అలకల్ల గదా. రాయీ రప్పా లేకుండా జల్లించి నీడకు ఆరబెట్నారు, నా కోసరమే అనుకుంటి. పండగ రేత్రి మీ మాటలు విన్యాకే తెలిసింది, మీకేందో లెక్క ఉందని. తెల్లారేతలికి పెరట్లో దిబ్బకాడ మన్ను తెచ్చి, జల్లించి, ఎవురి చీటీ వాళ్ళ కుప్ప మీదే పెట్టినా. ఒగ చీటీ గూడా తప్పలేదు సామీ!"

పెంటదిబ్బల దగ్గర నమూనా తీయరాదని పరీక్షలో రాసి రెండు మార్కులు తెచ్చుకున్నవాణ్ణి నేను. సారు నాకేసి చూడలేదు. చెంబెడు నీళ్ళూ తాగి, చాలాసేపు దగ్గారు.

నాలుగు బండ్ల ఎరువు మళ్ళీ బేరమాడి రావడానికి నన్నే పంపారు. బండికి వంద పెంచాడు ఎరువు ఆసామి.

మరుసటి రోజు పారా, గంపా పట్టుకుని మళ్ళీ బయల్దేరుతుంటే అవ్వ గుమ్మంలోకి వచ్చి పిలిచింది.

"అబ్బోడా, ఈసారి రోంత ఎక్కువ తేండి నాయనా. ఇంగా సగం గోడ మిగిలుండాది."