ఆరు స్తంభాల దగ్గర మామయ్య

గుంటూరులో రెండు రోడ్లు కలిస్తే చాలు, దానికి సెంటర్ అని పేరు పెట్టేస్తాం. లాడ్జి సెంటర్, శంకర్ విలాస్ సెంటర్, నాజ్ సెంటర్, హిందూ కాలేజీ సెంటర్. ఒక్క ఊరికి ఇన్ని నడిబొడ్లేమిటని పైఊరి వాళ్లు నవ్వుతారు. నవ్వనీయండి.

తెనాలి నుంచి ఆవకాయకి కాయలు తెస్తున్న మామయ్యకి అందుకే తికమక లేని చోటు చెప్పాను: జిన్నా టవర్ సెంటర్. మహాత్మా గాంధీ రోడ్డు మీద జిన్నా టవర్ ఉన్న ఊరు ఇంకెక్కడ దొరుకుతుంది? పైగా 2022లో దానికి జాతీయ జెండా మూడు రంగులూ వేశారు. ఎంత దూరం నుంచైనా తెలిసిపోతుంది.

అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. మామయ్యకి పేర్లు గుర్తుండవు కదా అని, "పైన గుమ్మటం, కింద ఆరు స్తంభాలు ఉంటాయి మామయ్యా, అక్కడ దిగండి" అని తెలివికి పోయాను.

ఆయన బస్టాండులో ఆటో ఎక్కి "స్తంభాల దగ్గరికి పోనీయ్" అన్నాడట. ఆటో కుర్రాడు నిక్షేపంగా తీసుకెళ్లి స్తంభాలగరువులో దించాడు. వాణ్ని ఏమనగలం? ఆ పేటలో స్తంభాలు తప్ప అన్నీ ఉంటాయి.

ఇక్కడ నేను మే నెల ఎండలో, టవర్ నీడ ఎటు జరిగితే అటు జరుగుతూ నలభై నిమిషాలు నిలబడ్డాను. షేర్ ఆటోవాళ్లు ఒక్కొక్కరూ "బస్టాండా? బస్టాండా?" అని అడిగి, నేను తల అడ్డంగా ఊపితే సొంత అన్నదమ్ముడు మోసం చేసినట్టు చూసి వెళ్తున్నారు. అప్పుడు ఫోన్ మోగింది.

"ఒరేయ్, ఇక్కడ ఒక్క స్తంభమూ లేదురా! పేరు మార్చాలని గొడవ చేశారుగా, మొత్తానికి పడగొట్టేశారా ఏంటి?"

"పడగొట్టడమేంటి మామయ్యా, నేను దాని కిందే ఉన్నా! మీరెక్కడున్నారు?"

పక్కన కొబ్బరిబోండాల అతన్ని అడిగి చెప్పాడు. "అక్కడే ఉండండి, కదలకండి, నేనే వస్తున్నా" అని బండి తీశాను. సిగ్నళ్లు, ఎదురు ఎండ, ఎలాగో చేరాను. బోండాల బండి ఉంది, మామయ్య లేడు.

"గోతం పెద్దాయనేనా? ఇప్పుడే ఆటో ఎక్కించా సార్" అన్నాడు బోండాలతను, మేలు చేసిన సంతోషంతో.

మళ్లీ ఫోన్.

"టవర్ దగ్గరికి వచ్చేశానురా. చుట్టూ తిరిగి స్తంభాలు లెక్కపెట్టా, ఆరూ ఉన్నాయి. నువ్వే లేవు!"