లయన్ సఫారీ బస్సు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ హైదరాబాద్ నెహ్రూ జూ పార్కు లయన్ సఫారీ బస్సు గారికి, నగర పౌరుడొకడు నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ మీ అద్దాలు, జాలీలు, ముఖ్యంగా బ్రేకులు క్షేమమని తలుస్తాను.

1974లో మీ సఫారీ మొదలైంది మొదలు మీ మీద మాకున్న గురి ఇంతా అంతా కాదు. ఒక గేటు దాటి లోపలికొస్తారు. అది వెనక మూసుకున్నాకే ముందున్న రెండో గేటు తెరుచుకుంటుంది. ఆ రెండింటి మధ్య ఆగిన కాసేపట్లోనే మేం ఆఫ్రికా వెళ్లిపోతాం. పిల్లలు జాలీకి ముక్కులు ఆనిస్తారు. ‘‘చప్పుడు చెయ్యకండర్రా’’ అని ఒక పెద్దాయన బస్సంతా దద్దరిల్లేలా అరుస్తారు. తీరా చూస్తే మృగరాజు చెట్టు కింద వెల్లకిలా పడుకుని ఉంటుంది.

ఇక డ్రైవరు ప్రాణం తోడేస్తాం. ‘‘హారన్ కొట్టి లేపండి సార్!’’ టికెట్ కొన్నాం కదా, డ్యూటీలో నిద్రేంటి? గుజరాత్‌లోని గిర్ అడవిలో సింహం కూడా రోజుకు 16 నుంచి 20 గంటలు ఇలాగే పడుకుంటుందని చెప్పినా వినం. మాకు కావలసింది టీవీలో జింకను తరిమే సింహం. ఇక్కడ జింకను వదలరు, సాయంత్రం నైట్ హౌస్‌లో తూకం వేసిన మాంసం పెడతారు. వారానికో రోజు పస్తు పెట్టడం మన జూల్లో ఆనవాయితీ. తిండి ఎటు నుంచి వస్తుందో సింహానికి బాగా తెలుసు, మీ వైపు నుంచి రాదనీ తెలుసు. అందుకే మీరొస్తే చెవి కూడా కదపదు. దానికి ‘రాజసం’ అని పేరుపెట్టి స్టేటస్‌లో పెట్టుకుంటాం.

మాలో కొందరికి మీ జాలీ అడ్డం. 2016లో మన జూలోనే ఒకాయన మందు మీద సింహాల ఎన్‌క్లోజర్‌లోకి దూకి షేక్‌హ్యాండ్ ఇవ్వబోయాడు. సిబ్బంది వాటి దృష్టి మళ్లించి ఆయన్ని బయటికి లాగారు. ఆ పూట బుద్ధిగా ఉన్నది సింహాలే. చెయ్యి కలపకపోయినా ఇవ్వాల్సింది ఇచ్చాంలెండి: 2021 మేలో జూలోని 8 సింహాలకు కరోనా అని హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థ సీసీఎంబీ తేల్చింది. మనుషుల నుంచే సోకి ఉండొచ్చన్నారు. మాస్కు గడ్డం కిందికి లాక్కున్నది మనిషి, ముక్కు కారింది మృగరాజుకి.

మిమ్మల్ని చూపించే కదా మేం ‘సింహాలను కాపాడుతున్నాం’ అనేది! అన్నీ ఒక్కచోటే ఉంటే రోగమొస్తే ముప్పు, గిర్ సింహాలకు రెండో అడవి ఉండాలి, కొన్నిటిని మధ్యప్రదేశ్‌లోని కూనో అడవికి తరలించండి అని సుప్రీంకోర్టు 2013లోనే చెప్పింది. 2018లో గిర్‌లో కుక్కలకొచ్చే డిస్టెంపర్ వైరస్ సోకి సింహాలు చచ్చిపోయాక కూడా కదలిక లేదు. 2022లో నమీబియా నుంచి చీతాలు విమానమెక్కి కూనోలో దిగాయి. గిర్ సింహానికి మాత్రం గుజరాత్ పొలిమేర దాటడానికి రిజర్వేషన్ దొరకలేదు. మీరే ఒక ట్రిప్పు వేయకూడదూ?

ఇట్లు,
జాలీ పక్క సీటు కోసం తోసుకొచ్చేవాడు.

తా.క.: 2024లో పశ్చిమ బెంగాల్‌లోని సిలిగురి సఫారీలో అక్బర్ అనే సింహం, సీత అనే ఆడసింహం ఒకచోట ఉంటే కొందరి మనసు నొచ్చుకుని వ్యవహారం కలకత్తా హైకోర్టు దాకా వెళ్లింది. ఒక అటవీ అధికారి సస్పెండయ్యారు. సింహాలు సూరజ్, తనయ అయ్యాయి. మీకెవరైనా ముద్దుపేరు పెడతామని వస్తే ఒప్పుకోకండి, రిజిస్ట్రేషన్ నంబరుతో సరిపెట్టుకోండి.