మనకు ఇచ్చేవాళ్ళు

మా నాయనకు కడపలో బండల అంగడి ఉంది. ఎర్రగుంట్ల వైపు నుంచి లారీలో నల్లబండలు దిగుతాయి. వంటగట్టుకో, గూటి అరలకో కొలిచి కోసి, అడుగుల లెక్కన అమ్ముతాం. ముప్పై ఏండ్ల లెక్కలు రెండే పుస్తకాల్లో ఉన్నాయి, ఏ రోజుది ఆ రోజు రాసే చిట్టాలోనూ, ఎవరి పద్దు వాళ్ళకు రాసే ఆవర్జాలోనూ. మొన్న శనివారం వాటిని కంప్యూటర్లోకి ఎక్కించే పని నా నెత్తిన పడింది. నెలనెలా మా జీఎస్టీ రిటర్న్ వేసే ట్యాక్స్ ఆయన, ఇకమీద పుస్తకానికి ఫొటోలు తీసి పంపితే కుదరదన్నాడు. ఎట్లా చేయాలి సార్ అంటే, ‘సింపుల్ సార్’ అన్నాడు. ఆయన నోట్లో ఆ ఒక్క మాటే పుట్టిందేమో.

సాఫ్ట్‌వేర్ తెరిస్తే అందులో రెండు ఖాతాలు ముందే ఉన్నాయి, క్యాష్, ప్రాఫిట్ అండ్ లాస్. మిగతావన్నీ మనమే పుట్టించి, ఒక్కోదాన్ని ఒక్కో గ్రూపు కింద కూర్చోబెట్టాలి. గ్రూపులు 28. హమాలీ కూలి, లారీ బాడుగ డైరెక్ట్ ఖర్చులు, అంటే నేరుగా సరుకు మీద పడేవి. అంగడి బాడుగ, కరెంటు బిల్లు, టీ ఇన్‌డైరెక్ట్. ఇక్కడ మా నాయన అడ్డం పడినాడు. ‘టీ తాగకుండా హమాలీ బండ దించుతాడారా? టీ డైరెక్టే’ అన్నాడు. నాకూ అదే న్యాయంగా తోచింది. టీని డైరెక్ట్‌లో పెట్టేసి ముందుకు పోయాను.

సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ, బ్యాంకు, నాయన ఇంటికి తీసుకుపోయే డబ్బులు, ఇవన్నీ ఎట్లో అయిపోయినాయి. ఆ తర్వాత వచ్చినారు సండ్రీ డెబిటర్స్, సండ్రీ క్రెడిటర్స్.

ట్యాక్స్ ఆయనకు ఫోన్ చేశాను. ‘సింపుల్ సార్. మనకు ఇచ్చేవాళ్ళు డెబిటర్స్. మనం ఇచ్చేవాళ్ళు క్రెడిటర్స్’ అని పెట్టేశాడు.

ఇప్పుడు మీరే చెప్పండి. ‘మనకు ఇచ్చేవాళ్ళు’ అంటే ఇంకముందు ఇవ్వాల్సినవాళ్ళా, రోజూ ఇస్తూ ఉండేవాళ్ళా? ‘పాలు ఇచ్చే ఆవు’ అంటే మనకు పాలు బాకీపడిన ఆవు అని ఎవరైనా అనుకుంటారా? తెలుగులో ఇంత చిక్కున్న మాటను ఫోన్లో విసిరేసి పోయిన మనిషి ఒక్క నిమిషం ఆగి ‘బాకీ ఉన్నవాళ్ళు’ అని ఉంటే, ఈ వారం నేను ఇంట్లో వేడన్నం తిని ఉండేవాణ్ణి.

మాకు డబ్బులు ఇచ్చే మనిషి ఎవరా అని ఆలోచిస్తే ఒక్కరే తట్టినారు, ప్రొద్దుటూరులో ఉండే మా మామ. పోయినేడాది బండలు కోసే మిషన్ కొనడానికి 3,00,000 ఇచ్చినాడు. డెబిటర్స్‌లో మొదటి పేరు ఆయనదే పెట్టాను, గౌరవంగా. ఆయన కింద ఆవర్జాలో ఉన్న 22 మందినీ దించాను. ‘పొట్టి మేస్త్రీ’, ‘మిద్దె సగం కట్టిన సారు’, ‘టెంకాయల అంగడి పక్కన ఎర్ర గేటు’. సాఫ్ట్‌వేరేమో వాళ్ళ అడ్రసు, పిన్‌కోడు అడుగుతుంది. ఎర్ర గేటుకు ఇప్పుడు నీలం రంగు వేసినారని మా నాయన గుర్తుచేసినాడు.

చివర్లో బ్యాలెన్స్ షీట్ తీస్తే, సమంగా రావాల్సిన రెండు వైపులకూ తేడా 6,00,000 అని చూపింది. ‘నా పుస్తకంలో పది రూపాయలు తేడా వస్తే రాత్రి నిద్ర పట్టేది కాదు’ అన్నాడు నాయన. గ్రూపుల్లో సస్పెన్స్ అని ఒకటి కనిపించింది. పేరు నచ్చింది. ఆరు లక్షలూ అందులో వేసేశాను.

ఆపైన ‘రిమైండర్’ అని ఒక మీట కనిపించింది. డెబిటర్లందరికీ ఒకేసారి వాట్సాప్‌లో ఉత్తరాలు పోతాయి. నొక్కాను. ఈ సాఫ్ట్‌వేర్ మూసేయబోతే చాలు, ‘నిజంగా పోతావా’ అని అడుగుతుంది. మామకు నోటీసు పంపేటప్పుడు మాత్రం నోరెత్తలేదు.

నిజంగా బాకీ ఉన్న 22 మందిలో ఈ రోజుకీ ఒక్కరు పలకలేదు. బాకీ లేని ఆ ఒక్క మనిషి పది నిమిషాల్లో ఫోన్ చేసినాడు.

ఆ పది నిమిషాల్లో జరిగింది తర్వాత మా ఆవిడ ద్వారా తెలిసింది. ఉత్తరం ఇంగ్లీషులో ఉంది. మామ దగ్గర కళ్ళద్దాలు లేవు. తెలిసినవాళ్ళ బంగారు అంగడి ముందర బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. లోపలి పిల్లవాణ్ణి పిలిచి, ‘అల్లుడు ఏదో పంపినాడు, చదువు నాయనా’ అన్నాడు. వాడు ఇంగ్లీషు మీడియం పిల్లవాడు. గట్టిగా చదివి, వరస వరసకూ తెలుగులో అర్థం కూడా చెప్పినాడంట. ‘అయ్యా లేక అమ్మా’ అని మొదలైంది. గడువు దాటి 391 రోజులైంది, 3,00,000 వెంటనే కట్టవలసింది అని ముగిసింది. కింద ప్రొప్రైటర్ అని మా నాయన పేరు. నగలు కొనడానికి వచ్చినవాళ్ళు కూడా బేరం ఆపి విన్నారంట.

‘ఏమప్పా’ అన్నాడు మామ ఫోన్లో, చాలా మెల్లగా. ‘మిషన్‌కు డబ్బులిచ్చిన రోజు నేను మిమ్మల్ని ఒక కాగితం కూడా అడగలేదే. ఈ రోజు మీరే నాకు కాగితం పంపినారా? సరే. నేను అయ్యనో అమ్మనో అది కూడా మీకు అనుమానమేనా?’

నేను డెబిటర్, క్రెడిటర్ అని ఏదో మొదలుపెట్టాను. ‘మీ నాయనకియ్యి ఫోను’ అన్నాడు. మా నాయన అప్పటికే బండలు కొలవడానికి ఎండలోకి పోయినాడు, కొనేవాళ్ళు ఎవరూ లేకపోయినా.

ట్యాక్స్ ఆయన సాయంత్రం చూసి నవ్వినాడు. ‘తేడాను సగం చేసి చూడాలి సార్. ఆరులో సగం మూడు. మూడు లక్షలు ఎవరిదుందో అది అటుది ఇటు పడినట్టు. సింపుల్.’ మామను తీసి అన్‌సెక్యూర్డ్ లోన్స్ కింద పెట్టినాడు. అంటే భద్రత లేని అప్పు అని. ఈ సంగతి ప్రొద్దుటూరులో ఇంకా ఎవరికీ చెప్పలేదు. పోతూ పోతూ టీని కూడా ఇన్‌డైరెక్ట్‌లోకి మార్చిపోయినాడు, మా నాయన చూడకుండా.

రేపు పొద్దున ప్రొద్దుటూరు పోవాల. అరటిపండ్లు, మిఠాయి, రానుపోను బస్సు చార్జీ. ఇవి ఏ గ్రూపు కిందికి వస్తాయో ఆయన్ను అడగదలచుకోలేదు.