బ్యాలీహేల్ క్లబ్‌కి మూడు వేల ఏళ్లు లేవు, కొనుక్కున్న ఆటగాళ్లూ లేరు

ఐర్లాండ్‌లోని కిల్‌కెన్నీ కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) బ్యాలీహేల్ అనే చిన్న ఊరి హర్లింగ్ క్లబ్ గురించి (హర్లింగ్ అంటే కర్రతో బంతిని కొడుతూ ఆడే ఐర్లాండ్ ఆట) తెలుగు గ్రూపుల్లో ఓ పోస్టు తెగ తిరుగుతోంది. క్లబ్ వయసు 3,000 ఏళ్లట. డబ్బు పోసి ఆటగాళ్లను తెచ్చుకుంటుందట. పెత్తనమంతా ఒకే కుటుంబానిదట. అందుకే ఓటమి అన్నదే ఎరగదట. ఈ నాలుగింటిలో ఒక్కటీ నిజం కాదు. ఆ ఊరివాళ్లు చెమటోడ్చి సాధించినదాన్ని ఇలా డబ్బు ఖాతాలో రాసేస్తే ఊరుకోబుద్ధి కాలేదు.

ముందు వయసు సంగతి. ఆట పాతదే, అనుమానం లేదు. 1366లో ఇంగ్లిష్ పాలకులు కిల్‌కెన్నీలో చేసిన చట్టాల్లోనే ఈ ఆటను నిషేధించారు. అంటే అప్పటికే జనం విరగబడి ఆడుతున్నారన్నమాట. కానీ ఇప్పుడున్న క్లబ్బుల పద్ధతి 1884లో థర్లస్ పట్టణంలో ఈ ఆటను నడిపే సంస్థ గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్ (జీఏఏ) పుట్టాక వచ్చింది. ఈ క్లబ్, అంటే బ్యాలీహేల్ షామ్‌రాక్స్, అయితే మరీ కొత్తది. 1972లో మొదలైంది. కిల్‌కెన్నీ కౌంటీ సీనియర్ టైటిల్ మొదటిసారి గెలిచింది 1978లో. అఖిల ఐర్లాండ్ క్లబ్ చాంపియన్‌షిప్ 1981 నుంచి 2023 దాకా తొమ్మిదిసార్లు గెలిచింది, మరే క్లబ్బూ అన్నిసార్లు గెలవలేదు. యాభై ఏళ్లలో ఓ పల్లె ఇంత సాధించడమే పెద్ద విషయం. దానికి లేని వేల ఏళ్లు తగిలించక్కర్లేదు.

డబ్బు మాటకొస్తే, ఇది పూర్తిగా పొరపాటు. జీఏఏలో ఆడినందుకు జీతం ఉండదు. కౌంటీ జట్లకు ఆడేవాళ్లకు ప్రయాణ ఖర్చులు, ప్రభుత్వం ఇచ్చే కొద్దిపాటి గ్రాంటు అందుతాయి, అంతే. ఈ క్లబ్ నుంచి వచ్చిన హెన్రీ షెఫ్లిన్ కిల్‌కెన్నీ కౌంటీ జట్టు తరఫున పది అఖిల ఐర్లాండ్ పతకాలు గెలిచాడు. ఈ ఆటలో అంత పేరున్నవాళ్లు అరుదు. అలాంటి మనిషి కూడా బ్యాంకులో ఉద్యోగం చేసుకుంటూనే ఆడాడు. పైగా కిల్‌కెన్నీలో ఎవరి పారిష్ క్లబ్‌కు వాళ్లు ఆడాలన్నది కట్టుబాటు. పారిష్ అంటే ఒక చర్చి కిందికి వచ్చే ఊళ్ల గుంపు. పక్క ఊరి కుర్రాడు బాగా ఆడుతున్నాడని పిలిపించుకోవడం కుదరదు. ఉన్న పిల్లలకే చిన్నప్పటి నుంచి నేర్పుకోవాలి. ఆడే కర్ర కూడా పెరట్లో దొరికే మామూలు కర్ర కాదు. యాష్ చెట్టు మొదట్లో, కాండం వేరువైపు వంగేచోట కోస్తారు. చెక్కలోని గీతలు ఆ వంపు వెంటే సాగితేనే బంతిని బలంగా కొట్టినా కర్ర చీలదు. ఆ కర్ర చేతికి అలవాటు పడడానికే ఏళ్లు పడుతుంది.

ఒకే కుటుంబం అన్న మాటకు కొంత ఆధారం ఉంది. 1981 అఖిల ఐర్లాండ్ క్లబ్ ఫైనల్లో ఫెనెలీ అన్నదమ్ములు ఏడుగురు ఆడారు. పదిహేను మంది జట్టులో ఏడుగురు! వినడానికే ఒళ్లు పులకరిస్తుంది. కానీ అక్కడితో కథ ఆగిపోలేదు. కౌంటీ చాంపియన్ అయిన క్లబ్ నుంచే కిల్‌కెన్నీ కౌంటీ జట్టు కెప్టెన్‌ని ఎంచుకునే ఆనవాయితీ ఉండేది. అలా 2007లో షెఫ్లిన్, 2008లో జేమ్స్ ఫిట్జ్‌పాట్రిక్, 2009లో మైకెల్ ఫెనెలీ వరుసగా అఖిల ఐర్లాండ్ కప్పు అందుకున్నారు. ముగ్గురూ ఈ క్లబ్ వాళ్లే, మూడు వేర్వేరు ఇంటిపేర్లు. ఇదే క్లబ్ ఆటగాడు టీజే రీడ్‌ని కలిపితే నాలుగో ఇల్లు.

ఇక ఓటమి ఎరగదన్న మాట. 1991 తర్వాత మళ్లీ కౌంటీ టైటిల్ కోసం 2006 దాకా ఎదురుచూసిన క్లబ్ ఇది. పదిహేనేళ్లు! 2022 ఫిబ్రవరిలో జరిగిన అఖిల ఐర్లాండ్ క్లబ్ ఫైనల్ చూసినవాళ్లెవరూ ఈ మాట అనరు. ఈ ఆటలో గోల్‌కు మూడు పాయింట్లు, బంతి అడ్డకర్ర పైనుంచి వెళితే ఒకటి. ఆట ముగుస్తుండగా బ్యాలీహేల్ రెండు పాయింట్ల ఆధిక్యంలో ఉంది. చివర్లో కలిపిన నిమిషాల్లో ప్రత్యర్థి క్లబ్ బ్యాలీగన్నర్ సబ్‌స్టిట్యూట్ హ్యారీ రడల్ దూసుకొచ్చి బంతిని నెట్లోకి కొట్టాడు. ఒక్క పాయింట్ తేడాతో కప్పు చేజారిపోయింది. అదే బ్యాలీహేల్ మరుసటి ఏడాది జనవరిలో మళ్లీ ఫైనల్‌కి వచ్చి డన్‌లాయ్ క్లబ్‌ని ఓడించి తొమ్మిదో టైటిల్ పట్టుకెళ్లింది. ఆ 2023లోనే కౌంటీ ఫైనల్లో ఓలాక్లిన్ గేల్స్ అనే క్లబ్ చేతిలో ఓడిపోయింది కూడా.